రెండు నిమిషాల నడక

మా బావకి వెలుతురంటే పడదు. ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషికి ఎలా పడుతుంది? కంప్యూటర్ ఎక్స్‌రేలు వచ్చాక ఆ గదికి తాళం పడింది, తాళంచెవి మాత్రం బావ దగ్గరే ఉండిపోయింది. బావని రికార్డుల సెక్షన్‌లో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఉద్యోగం పోలేదని మేం సంతోషిస్తుంటే, ఆయన మాత్రం కళ్లు మండుతున్నాయని గోల.

అలాంటి మనిషి ఒకనాడు పాత సామాన్ల కొట్టు నుంచి ఓ బుల్లి సినిమా కెమెరా పట్టుకొచ్చాడు. గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే అర నిమిషం తిరిగి ఆగిపోతుంది. కొట్టువాడు దాంతోపాటు ఓ డొక్కు ప్రొజెక్టరూ, గడువు దాటి పదేళ్లయిన ఫిల్ము చుట్ట ఒకటీ అంటగట్టాడు.

"సంబడం. ఇంట్లో ఫ్యానే తిరగట్లేదు, ఇది తిరుగుతుందా బావా?" అన్నాను.

"దీనికి కరెంటు అక్కర్లేదు మరదలా," అన్నాడు.

వెటకారం చేశానే గానీ ఎందుకు తెచ్చాడో నాకు తెలుసు. మా అక్క ఎడమ పాదానికి షుగర్ పుండు పడి ఆర్నెల్లయింది. కాలు చీలమండ పైదాకా తీసెయ్యాలని డాక్టరు తేల్చేశాడు. మూడు వారాలు గడువిచ్చాడు.

అక్కది అదే ఆసుపత్రిలో బట్టలుతికే విభాగం. బాగా నడవగలిగిన రోజుల్లో దుప్పట్ల బండి తోసుకుంటూ వస్తుంటే వార్డుబాయ్‌లు గోడకి అతుక్కుపోయేవాళ్లు. అందరూ ఆమెని ఎక్స్‌ప్రెస్ అనేవాళ్లు. ఓపీ చీట్లు రాసే నా కిటికీ దగ్గర కూర్చుని, బండి చప్పుడు విని తల ఎత్తకుండానే చెప్పేదాన్ని, అదిగో మా అక్క వస్తోందని. పుండు మీద కట్టుతో కూడా ఆ వేగం పెద్దగా తగ్గలేదు. ఆ నడకని దాచుకోవాలని బావ తాపత్రయం. పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి అడిగితే చెప్పిన రేటుకి బావ నోరు మూసుకుని తిరిగొచ్చాడు. మా ఫోన్లకి అంకెలు తప్ప కళ్లు లేని కాలమది.

ఫిల్ము ఒక్కటే చుట్ట కాబట్టి వారం రోజులు కెమెరాని ఖాళీగానే తిప్పాడు. కీ చప్పుడు ఒకేలా వస్తోందా అని చెవి దగ్గర పెట్టుకు వినేవాడు. లెన్సుని బల్బుకి ఎదురుగా పెట్టి బూజు వెతికేవాడు. ఏడు రోజులూ నేను కూరగాయలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, ఫిల్ము లేని సినిమాలో నటించాను. చివరికి చుట్టలోంచి జానెడు ముక్క కోసి, కెమెరాలో పెట్టి తిప్పి, తన పాత గదిలో మిగిలిన ఎక్స్‌రే మందులో కడిగి చూశాడు. బొమ్మ పడింది. ఆ సంబరంలో ఎవర్నీ అడక్కుండా తనే లేచి టీ కాచుకున్నాడు.

ఆ ఫిల్ముకో పద్ధతుంది. అది రెట్టింపు వెడల్పుంటుంది. ఒకసారి తిరిగితే సగం వెడల్పులోనే బొమ్మ పడుతుంది, రెండు నిమిషాలు. అప్పుడు నిండిన చుట్టని తీసి ఖాళీ చుట్ట ఉన్న చోట పెడితే, రెండో సగం మీద ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. కడిగాక మధ్యకి నిలువునా చీల్చాలి. మొదటి సగం ఇప్పటి నడకకి, రెండోది ఆపరేషనయ్యాక అక్క లేచి నడిచే రోజుకి అని బావ లెక్క. నడవకపోతేనో అని నేను అడగలేదు, ఆయనా అనలేదు.

ఆపరేషన్‌కి ముందు ఆదివారం, ఉతికే విభాగం ముందున్న పొడుగాటి వరండాలో తీశాడు. అక్క ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చేసింది.

"ఇంకా ఫిల్ముంది, వెనక్కి వెళ్లి మళ్లీ రా!" అని అరిచాడు.

"నడిపించి చంపుతున్నారు. ఎలాగూ తీసేసే కాలే కదా అనా?" అంది అక్క. అని, ఫిల్ము అయ్యేదాకా అటూ ఇటూ నడిచింది. నాకు అక్కడ నిలబడాలనిపించక బకెట్లు సర్దే నెపంతో లోపలికి పోయాను.

చుట్ట మార్చడం చీకటి గదిలో. మందుల్లో నాని నాని బావ వేలికొసలకి స్పర్శ పోయింది. అందుకని ఆ పని అక్కకి చెప్పాడు. నిండింది తీసి ఖాళీదాని చోట పెట్టాలి, అంతే. కాసేపు చీకట్లో గలగల చప్పుడు వినిపించింది.

"అయిందా?"

"అయింది. వదులుగా ఉంటే గట్టిగా చుట్టి పెట్టాను," అంది అక్క.

బావ సరేనన్నాడు.

కాలు తీశారు. ఆ తర్వాత మూడు నెలలు ఎలా గడిచాయో నన్నడక్కండి. డ్యూటీ, వంట, కట్లు మార్చడం, మళ్లీ డ్యూటీ. కొన్నిసార్లు అక్క మీద కోపం కూడా వచ్చేది, తర్వాత నా మీద నాకే అసహ్యం వేసేది. చివరికి చంకకర్రలతో లేచింది. మళ్లీ అదే వరండా, అదే కెమెరా. ఆ చివర నుంచి సగం దూరం వచ్చేసరికి నాలుగోసారి ఇచ్చిన కీ కూడా ఆగిపోయి, ఫిల్ము అయిపోయింది.

బావ కడిగాడు, చీల్చాడు. ఒక పేలిక మీద బొమ్మ ఉంది. రెండోది గాజుపలకలా ఖాళీ. అప్పుడు అర్థమైంది. ఇరవై ఏళ్లు అక్క ఉతికిన కట్టుగుడ్డలు చుట్టింది. నర్సుకి మొదటి కొస పైకి దొరికేలా చుట్టడం ఆమె చేతికి అలవాటు. ఆ చీకట్లో ఫిల్ముని కూడా మొదటి కొస పైకొచ్చేలా పాత చుట్టకే మొత్తం తిరగచుట్టేసింది. రెండు నడకలూ ఒకే సగం మీద పడ్డాయి.

"పాడుచేశానండీ. మీరు దాచుకున్నది నా చేత్తోనే పాడుచేశాను," అంది అక్క. కాలు తీసినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

బావ మధ్యాహ్నం మమ్మల్నిద్దర్నీ చీకటి గదికి తీసుకెళ్లి ప్రొజెక్టర్ పెట్టాడు. ఎక్స్‌రే మందు కదా, తెలుపంతా నలుపు, నలుపంతా తెలుపు. నల్లటి వరండాలో ఇద్దరు అక్కలు, తెల్లగా, ఒకరిలోంచి ఒకరు కనబడుతూ. ఒకామె కర్రలు ముందుకేసి ఆగుతోంది. ఇంకొకామె ఈమెని దాటి విసవిసా వచ్చేసి, వెనక్కి తిరిగి, మళ్లీ ఈమె దగ్గరికి పోతోంది. మళ్లీ దాటుతోంది, మళ్లీ వెనక్కి పోతోంది. కర్రలామె సగం దూరం వచ్చేలోపు ఎన్నిసార్లు పోయొచ్చిందో. ఫిల్ము కొస చటచటా కొట్టుకున్నాక కూడా ఎవరం లైటు వెయ్యలేదు.

అక్క ముక్కు చీదుకుంది.

"ఇద్దరికీ కలిపి మూడు కాళ్లున్నాయి," అంది. "సర్దుకోవచ్చులే. మళ్లీ వెయ్యండి."

మళ్లీ వెయ్యాలంటే ఫిల్ముని వెనక్కి చుట్టాలి. బావ చుట్టని తీసి అక్క చేతికే ఇచ్చాడు.