ముందేగారి తప్పులు

లోకంలో ఎవరు ఏ తప్పు చేసినా, ఆ తప్పును తాను అంతకుముందే, అంతకన్నా ఘనంగా చేశానని చెప్పుకోకపోతే మా ముందేగారికి ముద్ద దిగేది కాదు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకు ఒకటి ఉండే ఉంటుంది గానీ, మా ప్రెస్సులో ఎవరికీ గుర్తులేదు. "అది నేను ముందే చేశానండీ" అని రోజుకు పదిసార్లు అనే మనిషికి ఇంకో పేరెందుకు?

ఆయన పని ప్రెస్సులోని కంప్యూటర్లనూ యంత్రాలనూ బాగుచేయడం. దానికంటే ఎక్కువగా చేసే పని, ఎవరైనా తల పట్టుకుని కూర్చుంటే స్టూలు లాక్కుని వాళ్ల పక్కన కూర్చోవడం. ఒకసారి బైండింగ్ తాతగారు రెండువందల పుస్తకాలకు అట్టలు తలకిందులుగా వేసేశారు. ముందేగారి స్టూలు వెంటనే అక్కడికి చేరింది.

"రెండొందలేనా?"

"తక్కువంటారా?"

"నేను వెయ్యింటికి వేశాను. అవీ వేరే అట్టలు. పైన గుర్రాల పెంపకం, లోపల పసిపిల్లల పెంపకం. కొన్నవాళ్లు ఒక్కరు కూడా వెనక్కి తేలేదు!"

తాతగారు నవ్వి, అట్టలు ఊడదీయడం మొదలుపెట్టారు.

ఫోను దగ్గర కూర్చునే ఆవిడ కీబోర్డు మీద టీ ఒలకబోసుకుంది. "టీయేగా? నేను గిన్నెడు పాలు ఒంపాను. మా పిల్లి వచ్చి అక్షరాలన్నీ నాకింది. అది నాకుతుంటే రెండు పేజీలు టైపయ్యాయి. పుస్తకం మొత్తంలో తప్పుల్లేని పేజీలు ఆ రెండే" అన్నారు ముందేగారు.

ఇవన్నీ మనసులో రాసిపెట్టుకునేది ప్రూఫులు దిద్దే అక్క. "ఈయన చెప్పే తప్పులన్నీ చేయాలంటే మూడు జన్మలు చాలవు. మొన్న చెప్పిన లెక్కన ఒకే రోజున ఇక్కడ కారు కాలవలోకి పోనిచ్చారు, అదే రోజు ఇంకెక్కడో రైలు అందుకోలేకపోయారు" అని నిలదీసింది.

"తేదీ తప్పు చెప్పి ఉంటాను చెల్లెమ్మా. తేదీలు తప్పు చెప్పడమైతే నాకు చిన్నప్పట్నించీ ఉంది" అన్నారాయన, ఏమాత్రం తొణక్కుండా.

నేను పేజీలు కూర్చే పనిలో చేరి అప్పటికి రెండు నెలలు. ఇంకో నెల చూసిగానీ ఉద్యోగం ఖాయం చేయనన్నారు యజమాని. ఇన్ని తప్పులు చేసిన మనిషికి యంత్రాలు అప్పగించడమంటే దొంగ చేతికి తాళాలివ్వడమేనని నా గట్టి నమ్మకం.

నా బల్ల మీది కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉండేవి. అచ్చుకు ప్లేట్లు తీసే యంత్రం ముసలిది, దానికి పాత సిస్టమ్ మాటే అర్థమవుతుంది. పేజీలు కూర్చేది కొత్తదానిలో. పొద్దున్నే మీట నొక్కగానే రెండు పేర్లు తెర మీదికి వచ్చి, ఎవరు కావాలని అడిగేవి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ ఒరలో నాలుగేళ్లు హాయిగా ఇమిడాయి, నేను వచ్చేదాకా.

ఓ సాయంత్రం డిస్కు నిండిపోయిందని కంప్యూటర్ గోల పెట్టింది. ఏం తీసేద్దామా అని వెతికితే, డిస్కులో ఒక మూల వంద ఎంబీల ముక్క కనబడింది. పేరూ ఊరూ లేదు. చెత్త అనుకుని చెరిపేసి, ఇల్లు సర్దినంత తృప్తిగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు మీట నొక్కితే రెండు పేర్లూ లేవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి ఒక్క వాక్యం: మొదలుపెట్టడానికి ఏమీ దొరకలేదట.  ఎవరూ రాకముందే సరిచేద్దామని సిస్టమ్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగుల్లోకి దూరి, డిస్కు గురించిందని తోచిన ఒక వరుసను మార్చి, సేవ్ చేశాను. గోరుతో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నానని అప్పుడు తెలియదు.

ఆ కంప్యూటర్‌లో చూపు సరిగా ఆనని పిల్లల బడికోసం పెద్ద అక్షరాలతో కూర్చిన పాఠ్యపుస్తకం ఉంది. మూడువందల పేజీలు. నెలరోజులుగా అక్క కళ్లు పీక్కుపోయేలా దిద్దిన తప్పులన్నీ అందులోనే ఉన్నాయి. వారంవారం కాపీ తీయాల్సింది నేను. తీసి నెలయింది.

యజమాని వచ్చారు. "ఎవరైనా ఏమైనా ముట్టుకున్నారా?"

"లేదండీ" అన్నాను.

అక్క వచ్చింది. "నిన్న ఏమైనా మార్చావా?"

"లేదక్కా."

ముందేగారు వచ్చి, తన పెన్‌డ్రైవ్ గుచ్చి, దాన్నుంచి కంప్యూటర్ తెరిచి చూశారు. "డిస్కే కనబడట్లేదు. అమ్మాయ్, నువ్వేమీ..."

"అస్సలు ముట్టుకోలేదండీ!"

"అయితే డిస్కు పోయినట్టే. పీకి అవతల పారేయండి. మధ్యాహ్నం కొత్తది వేసి, పాత కాపీనుంచి మొదలుపెట్టండి" అన్నారు యజమాని. అక్క కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచిందే తుడుస్తూ కూర్చుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, విప్పకపోతే ఆవిడ నెల పోతుంది.

ముందేగారు స్క్రూడ్రైవర్ తీశారు. తీసినవారు విప్పకుండా, స్టూలు నా పక్కకు లాక్కున్నారు.

"నేనూ ఓసారి ఇలాగే చేశానమ్మాయ్. డిస్కు నిండిపోయింది. పేరూ ఊరూ లేని ముక్క ఒకటి కనబడింది. ఎందుకూ పనికిరాదని చెరిపేశాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మీరూ వంద ఎంబీలదేనా అండీ?"

యజమానీ అక్కా ఇద్దరూ నావైపు తిరిగారు. నేనేమన్నానో నాకు అప్పుడు తెలిసింది.

"వందా?" అన్నారు ముందేగారు పెదవి విరిచి. "నేను ఐదొందలది చెరిపాను. పైగా కంగారులో సెట్టింగులు కూడా కెలికాను."

"నేనూ కెలికానండీ! పొద్దున్నే!" ఏడుపూ మాటా కలిసి వచ్చేశాయి. ఏ వరుస, ఏం మార్చానో అంతా చెప్పేశాను.

ఆ వరుసను యథాస్థానంలో పెట్టగానే డిస్కు బుద్ధిగా కనబడింది. నేను చెరిపింది చెత్త కాదు, రెండు సిస్టమ్‌లకూ దారి చూపే ముక్క. ఆయన ఖాళీ అయిన చోట దాన్ని మళ్లీ తయారుచేసి, రెండింటి దారులూ అందులో రాశారు. గంటన్నర పట్టింది. మీట నొక్కితే రెండు పేర్లూ వచ్చి, ఎవరు కావాలని అడిగాయి. అక్క చివరి పేజీదాకా చూసుకుని, నా వీపు మీద ఒక్కటి చరిచి, కళ్లద్దాలు పెట్టుకుంది.

యజమాని నావైపు చూశారు, తర్వాత ముందేగారి వైపు చూశారు. "ముందు కాపీ తియ్యమ్మా" అని, తన గదిలోకి వెళ్లిపోయారు. ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

కాపీ అవుతుండగా అడిగాను. "మీరు నిజంగా ఐదొందలది చెరిపారా అండీ?"

"లేదమ్మా. కొత్తవాళ్లు మామూలుగా చేసే తప్పే చెప్పాను. నా చేతిలో ఇంతవరకూ ఒక్క ఫైలూ పోలేదు."

"మరి పిల్లి?"

"మా ఇంట్లో పిల్లే లేదు. ఏం ముట్టుకున్నారో చెప్పకపోతే నేను బాగుచేయలేను. పక్కన ఇంకో వెధవ ఉన్నాడని తెలిస్తేగానీ ఎవరూ చెప్పరు." కాపీ ఎంతవరకు వచ్చిందో తెర మీద చూశారు. "ఒక్కటి మాత్రం నిజంగా చేశాను. కుర్రతనంలో వేరే ప్రెస్సులో యంత్రం పాడుచేసి, ఏమీ ముట్టుకోలేదన్నాను. నేరం నా పక్కాయన మీద పడింది. ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేశారు."

"అయ్యో! ఆయన ఏమయ్యారు?"

గడ్డంతో యజమాని గదివైపు చూపించారు.

"ఆయనకు తెలుసా?" అన్నాను.

"ఆయన ఈ ప్రెస్సు పెట్టాక వెతుక్కుంటూ వచ్చి చెప్పాను. అంతా విన్నారు. ఆఖరికి, 'అయితే నన్ను యజమానిని చేసింది నువ్వేనన్నమాట. రేపట్నించి పనిలోకి రా' అన్నారు."

మంచివాళ్లిద్దరి మధ్య పడి నేను బతికిపోయాను. ఆ మాట ఆయనతో అన్నాను కూడా, దణ్ణం పెట్టి మరీ. పొగిడితే ఇబ్బంది పడతారని వెంటనే ఇంకో మాట అడిగాను.

"ఏమీ ముట్టుకోలేదని మీరు ఎన్నిసార్లు అన్నారండీ?"

"ఒక్కసారే."

"నేను మూడుసార్లు అన్నాను."

ముందేగారు నోరు తెరిచారు. చాలాసేపు వెతుక్కున్నారు. ఏమీ దొరక్క, నోరు మూసి, నాకు తిరిగి దణ్ణం పెట్టారు.