అద్దాల కప్పు కారు, అత్త మూట

చెడ్డ నిర్ణయాలు అందరూ తీసుకుంటారు. కానీ వాటిలోనూ నాణ్యత అని ఒకటుంటుంది. చిల్లర తప్పులు చేసేవాళ్ళతో దయచేసి నన్ను కలపకండి. పావగడ తాలూకాలో ఎండ ఎంత గట్టిదంటే, వేల ఎకరాల్లో సోలార్ పలకలు పరిచి దాన్ని కరెంటు చేసి అమ్ముతున్నారు. అలాంటి చోట ఉంటూ, నెత్తిన పెద్ద అద్దం, ఆ అద్దం చుట్టూ నల్ల రంగు కప్పు ఉన్న కారును ఏరికోరి, గంటలకొద్దీ బేరమాడి, మామూలు మోడల్ మీద రెండు లక్షల పదివేలు అదనంగా పోసి కొన్నాను. ఇలాంటి పని చెయ్యడానికి గుండె కావాలి. బుర్ర ఉంటే కుదరదు.

మాది బజారులో మూడు తరాల కొట్టు. ముందు కిరాణా, వెనక విత్తనాలు, గోనెసంచులు. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపకుండా మా నాయన ఏనాడూ కొనలేదు. వేరుశనగ మూట వస్తే మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్న కాయలు తీసి, ఒలిచి, కొరికి చూసేవాడు. మూతి దగ్గర కాయలు చూసి మూట కొనేవాడు కొట్టు మూసుకొని వేరే పని చూసుకోవాలని ఆయన సిద్ధాంతం. నేను ఆ చేతి కింద పెరిగినవాణ్ణి. చొక్కా కొన్నా లోపలి కుట్టు తిరగేసి చూస్తాను.

ఈ గుణం వల్ల అరసికెరెలో మా అత్తవారింట్లో నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేదు, గౌరవం మాత్రం బోలెడు. బోరు మోటారు కొన్నా, ఫ్రిజ్జు కొన్నా, ఆఖరికి గోడకు సున్నం కొన్నా మా అత్త ఒకటే మాట అనేది: "పెద్దల్లునికి ఫోన్ చెయ్యండి." ఆ ఫోను రాగానే ఎత్తకుండా నాలుగుసార్లు మోగనిచ్చి, పనిలో ఉన్నవాడిలా ఎత్తేవాణ్ణి.

ఆ ఉద్యోగానికి ఎసరు పెట్టినవాడు నా తోడల్లుడు నాగభూషణ, మా మరదలు లత మొగుడు. ఊరు రాయచెర్లు. భూమి సోలార్ పార్కుకు కౌలుకిచ్చాడు, మిగిలిన నాలుగెకరాలు సేద్యం చేస్తాడు. నెమ్మది మనిషి. నన్ను "అన్నా" అని తప్ప పిలవడు. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అదే నా ఫిర్యాదు. ఒక చెడ్డ గుణం ఉండి ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

ఇక్కడ మా అత్త మూట సంగతి చెప్పాలి. ఏటా పంట చేతికొచ్చాక తన పొలంలో కాయలు ఇద్దరు కూతుళ్ళకు చెరొక మూట కడుతుంది. మూట మూతి తనే దబ్బనంతో కుడుతుంది. దాన్ని ఇంకొకరి చేత పంపదు. మూటతో పాటు తానూ బండెక్కి, కూతురింటికి వచ్చి, ఆ ఇంటి నడిమింట్లో కుట్టు తనే కోసి, అక్కడే భోంచేసి పోతుంది. దారిలో మూట విప్పకూడదు. విప్పిన ఇంట్లో తినకుండా పోకూడదు. ఇది ఆమె పెట్టిన చట్టం. దానికి సవరణలు లేవు. మొదటి నుంచీ ఆ ప్రయాణానికి వ్యాను మాట్లాడే పని నాది. డ్రైవరు నా ముఖం చూడగానే తనంతట తానే రేటు తగ్గించేవాడు.

ఒక ఏడాది నాగభూషణ ఎవరికీ చెప్పకుండా తుమకూరు పోయి చిన్న ఎస్‌యూవీ కొన్నాడు. తెల్లగా, చదరంగా, ట్రంకు పెట్టెకు చక్రాలు బిగించినట్టుంది. అదెలా కొన్నాడో విని నేను కొట్లో కుర్చీ మీదినుంచి పడినంత పని చేశాను. షోరూముకు వేరుశనగ మూట తీసుకుపోయాడట. టై కట్టుకున్న సేల్స్ పిల్లవాడి చేత ప్రతి కారు వెనకా మూట ఎక్కించి, దించి, ఏ కారులో అది సుఖంగా పడుకుందో ఆ కారుకు డబ్బు కట్టాడట. నెల రోజుల పాటు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ పంచదారతో పాటు ఈ కథ కూడా పొట్లం కట్టి ఇచ్చాను.

ఆ నెల తర్వాత మా అత్త ఆ కారెక్కి మా ఇంటికి వచ్చింది, మూటతో సహా. దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి, "బీరువా మాదిరి ఉండాదప్పా. చెయ్యెత్తకుండానే మూట లోపలికి పాయ" అంది. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో మామూలుగా, "ఇంగ నీకు వ్యాను మాట్లాడే పని తప్పిందిలే" అంది.

తప్పిందట. నా పదవి పోయిందని నాకే శుభవార్తలా చెప్పింది. ఆ రోజు నుంచి అన్నంలో ఉప్పు తెలియలేదు. రోడ్డు మీద తెల్ల కారు కనిపిస్తే నాగభూషణే అనిపించేది. దానికన్నా గొప్ప కారు కొనాలి. అది ముందుకొస్తుంటే అతను పక్కకు జరిగి నోరు తెరిచి చూడాలి. నా అవసరం అంతే. మైలేజీ, సీట్లు, సామాను చోటు ఇవేవీ నా పట్టీలో లేవు.

షోరూములో నా మనసు ఒక కారు మీద పడింది. వెనక భాగం వేటకుక్క నడుములా కిందికి వాలి ఉంది. వెనక లైట్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎర్ర గీత. వెనక తలుపులకు పిడి కనపడదు, కిటికీ మూలలో దాచిపెట్టారు. లోపలంతా నల్లగా, అద్దంలా మెరిసే పలకలు. మీట నొక్కితే నెత్తిమీది అద్దం వెనక్కి జరిగి ఆకాశం కనపడుతుంది.

నా భార్య సుజాత కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఏమప్పా, దీంట్లో అమ్మ మూట పడతాదా?" అని అడిగింది.

"కారు కొంటాండామా, గోడౌను కొంటాండామా?" అన్నాను. ఆ మాట సేల్స్ పిల్లవాడికి కూడా నచ్చింది. వాడికి నచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తర్వాత మూడు గంటలు బేరం. కాళ్ళ కింది పట్టలు ఊరికే రాబట్టాను. పైన కప్పే ముసుగు, చక్రాల వెనక బురద రేకులు, సెంటు సీసా, చిన్న వినాయకుడు కూడా. మేనేజరు చెమట తుడుచుకున్నాడు. మూడు తరాల కొట్టు పరువు నిలబెట్టానని పొంగిపోయాను. అన్నీ సాధించాను గానీ, వెనక డిక్కీ మాత్రం తెరిచి చూడలేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చే మా నాయన కొడుకు మూతి దగ్గరి కాయలు చూసి మూట కొన్నాడు.

మరుసటి పంటకు మా అత్తను, ఆమె మూటను తీసుకురావడానికి అరసికెరె పోయాం. సరిగ్గా మధ్యాహ్నం. మా అత్త వెనక తలుపు దగ్గర నిలబడి దాన్ని పైనుంచి కిందికి తడిమి, "దీనికి పిడి యాడుండాది? పెట్టల్యా?" అంది. చూపించాను. "దొంగలకు కనపడకుండా పెట్టినారా, ఎక్కేవాళ్ళకు కనపడకుండానా?" అని, తల వంచి ఎక్కబోయి వాలు కప్పుకు నుదురు కొట్టుకుంది. నుదురు రుద్దుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

ఇప్పుడు మూట. డిక్కీ తెరిచాను. గట్టు నా నడుము ఎత్తున ఉంది, లోపల చోటు పళ్ళెమంత ఉంది. మూటను నిలువుగా పెట్టాం, అడ్డంగా పెట్టాం, ఐమూలగా పెట్టాం. వాలు తలుపు దాని నెత్తిన దిగి మళ్ళీ పైకి లేచింది. కప్పు మీద కడదామంటే కొత్త రంగు గీసుకుపోతుందని నా ప్రాణం ఒప్పుకోలేదు. వెనక సీట్లో పడుకోబెడితే సుజాతకు చోటు లేదు. రెండుగా పంచి సంచుల్లో పోద్దామని నోరు జారాను. మా అత్త ముందు సీట్లోంచే తిరిగి చూసింది. ఆ చూపుతోనే ఆ ఆలోచన అక్కడికక్కడే పోయింది.

అప్పుడు తట్టింది నాకు ఆ మహా ఉపాయం. మీట నొక్కి నెత్తిమీది అద్దం తెరిచాను. మూటను వెనక సీటు అంచున, ముందు సీట్లకు ఆనించి నిలబెట్టాను. దాని తల జానెడు బయటికి వచ్చింది. ఎన్నికల్లో నిలబడిన పెద్దమనిషిలా ఉంది, దండలొక్కటే తక్కువ.

కారు కదిలింది. ఏసీ చల్లదనం ఆకాశానికి పోయింది, ఆకాశంలోని ఎండ కారులోకి వచ్చింది. మా అత్త సంచిలోంచి గొడుగు తీసి, కారులోనే సగం విప్పి నెత్తిన పెట్టుకుంది. "బండి చల్లగా ఉంటాదంటివే" అంది, అంతే. మెరిసే నల్ల పలకల మీద మా తాలూకా దుమ్మంతా వచ్చి కూర్చుంది.

ఇక్కడైనా నేరుగా పావగడకు వచ్చి ఉంటే బతికిపోయేవాణ్ణి. కానీ రెండు లక్షల పదివేలు ఎందుకు పోశాను? నాగభూషణ చూడాలి కదా. మా అత్త నా కారులో ముందు సీట్లో కూర్చుని ఉండగా చూడాలి. దారి బాగుంటుందని అబద్ధం చెప్పి, చుట్టు తిప్పి రాయచెర్లు మీదుగా పోనిచ్చాను. సుజాత నా ఎత్తు కనిపెట్టి, "మా చెల్లెలి మొగుని కండ్లల్లో పడల్ల, అంతే గదా" అంది. నేను రోడ్డు మీద ధ్యాస పెట్టినట్టు నటించాను.

రాయచెర్లు ఇంకో కిలోమీటరు ఉందనగా, రెండు పక్కలా పలకలు తళతళలాడుతుండగా, వాటి మెరుపు ఉన్నట్టుండి ఆరిపోయింది. తలెత్తి చూశాను. పైకి చూడటానికి నా కారులో సౌకర్యం ఉందని చెప్పాను కదా. నల్లటి మబ్బు. మా తాలూకాలో వాన కోసం జనం మొక్కుకుంటారు, ఎదురుచూస్తారు, ఎదురుచూసి మరిచిపోతారు. అలాంటి వాన ఆ రోజు నా కారు కప్పు తెరిచి ఉందని తెలిసి దిగింది.

మూసే మీట నొక్కాను. అద్దం ముందుకు వచ్చి, మూటను తాకి, పరాయివాళ్ళను తాకినట్టు ఉలిక్కిపడి వెనక్కి పోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ తాకి వెనక్కి. మూటను కిందికి లాగుదామంటే, గతుకులకు కాయలు సర్దుకొని దాని పొట్ట సీట్ల మధ్య బిగిసిపోయింది. మా అత్త తన గొడుగు సుజాతకిచ్చి, "మనం తడిసినా ఆరతాం. చెనిక్కాయలకు పట్టు" అంది.

అలా రాయచెర్లు చేరాను. కప్పులోంచి మూట తల, దాని పక్కన నా భార్య చెయ్యి, చేతిలో గొడుగు, గొడుగు కింద మూట. మేము ముగ్గురం మాత్రం నిలువునా తడిసి ఉన్నాం. నాగభూషణ వసారాలోనే ఉన్నాడు. నేను అంత డబ్బు పోసి కొన్న ఆ ఘడియ రానే వచ్చింది. కానీ ముందు అద్దం లోపల ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. తువ్వాలుతో తుడిచి చూసేసరికి అతను తన ముఖం సర్దుకొని, గొడుగు పట్టుకొని ఎదురొస్తున్నాడు.

"కారు చానా అందంగా ఉండాదన్నా" అన్నాడు.

నవ్వి ఉంటే ఎంత బాగుండేది. నవ్వలేదు.

తడిసిన మూట ఎంత లాగినా రాలేదు. చివరికి మా అత్త కొడవలి తెప్పించి, కారు తలుపులోంచి వంగి, తాను వేసిన కుట్టు తానే కోసింది. నా ఇంటికి రావాల్సిన మూట, నాగభూషణ ఇంటి ముందు, వానలో, నా కారులో విప్పబడింది. కాయల్ని గంపలకెత్తి అతని వసారాలో ఆరబోశారు. చట్టం ప్రకారం విప్పిన ఇంట్లోనే భోజనం. ఆ ఏడాది మా అత్త రెండు మూటల భోజనాలూ రాయచెర్లులోనే తిన్నది. నేను నాగభూషణ పంచె కట్టుకొని, అతని పక్కనే కూర్చుని తిన్నాను.

ముద్ద కలుపుతూ అతను నెమ్మదిగా అన్నాడు: "అన్నా, నిజం చెప్పల్లంటే నేనూ ముందు ఆ కారే చూసినా. లతకూ అదే ఇష్టమాయ. మూట పట్టక ఇడ్సిపెట్టినా. ఇప్పుడు నీ చేతిలో దాన్ని చూస్తాంటే కడుపు మండుతాండాది."

చూశారా. నేను కొన్న సరుకు నాకు అందింది. నాగభూషణకు అసూయ, అదీ అతని నోటితోనే. కానీ దాన్ని అనుభవించడానికి నా ఒంటి మీద నా పంచె కూడా లేదు. అతను నన్ను చూసి కుళ్ళుకుంటూ నా విస్తట్లో నెయ్యి వేస్తుంటే, ఇంత మంచిగా కుళ్ళుకోవడం నాకెందుకు చేతకాదని నాకు మళ్ళీ అసూయ పుట్టింది.

వారం తర్వాత కారులో ఒక వాసన మొదలైంది. వెనక సీటు కింద పట్ట ఎత్తి చూస్తే, జారిపడిన కాయలు తడికి పగిలి మొలకలెత్తి ఉన్నాయి. ఫోనులో చెబితే మా అత్త, "మా చేన్లో ఈతూరి సరిగా మొలవల్యా. నీ కారులో అదును బాగుండాది" అంది. సుజాత రెండు మొక్కలు తీసి రంగు డబ్బాలో నాటింది.

కనుక ప్రజలారా, ఈ కొట్టు గల్లాపెట్టె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏది కొనబోయినా వేరుశనగ మూట వెంట తీసుకుపోతాను. కళ్ళజోడు కొనబోయినా సరే, ముందు మూటను ఎదురుగా నిలబెట్టి చూస్తాను. పక్కవాడి కళ్ళతో చూసి ఏదీ కొనను. ఎవరి మీదా అసూయ పడను.

ఇక నిజాయితీగా ఆఖరి లెక్క. అద్దానికీ, అందానికీ అదనంగా పోసింది రెండు లక్షల పదివేలు. సీట్లు ఊడదీసి కడిగించి ఆరబెట్టినందుకు ఆరువేల ఐదువందలు. గొడుగు ఒకటి, ఊచ విరిగింది, మూడువందలు. బేరంలో ఊరికే వచ్చిన సెంటు సీసా ఆ వాసన మీద పనిచెయ్యలేదు కనుక దాని ఖరీదు సున్నా. రాబడి కింద రంగు డబ్బాలోని రెండు మొక్కల్లో ఒకటి ఎండిపోయింది, రెండోది కాసింది. తొమ్మిది కాయలు. మా అత్త వచ్చి వాటిని కూడా చట్టప్రకారం ఇద్దరల్లుళ్ళకూ సమానంగా పంచింది. నాలుగు నాకు, నాలుగు నాగభూషణకు, మిగిలినదొకటి తానే ఒలుచుకొని తిన్నది.

సమానమే. కానీ అతనికి వచ్చిన నాలుగూ మూడు గింజల కాయలు. నావి రెండు గింజలవి. నేను ఒలిచి చూశాను.