విత్తనం వేప

పుంగనూరు పక్క గుట్టవాలులో చెంగమ్మకు నాలుగెకరాల తోపు ఉంది. కానుగ, వేప కలిసి పెరిగిన సొంత అడవి. మొగుడు శంకరప్ప బతికున్నప్పుడే దాన్ని రాతికట్టలతో ఏడు పట్టీలు చేశాడు. ఏడాదికి ఒక్క పట్టీయే కొట్టాలి. మోకాలెత్తున ఏటవాలుగా నరికి, మళ్లీ చిగురించేందుకు మొద్దుకు పేడ మెత్తాలి. చుట్టు తిరిగి వచ్చేసరికి మొదటి పట్టీ మళ్లీ ఇంటెత్తు లేచి ఉండేది. ఆ కర్రలే మదనపల్లె టమాటా తోటలకు ఊతం. పట్టీకొక ముసలి చెట్టును మాత్రం ముట్టరాదు. అది విత్తనానికి.

శంకరప్ప పోయి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి ఏది కొట్టాలో చెప్పేది చెంగమ్మే. ఆమె నోటికి జడిసి ఆ గుట్టమీదికి మేకలు తోలినవాడు లేడు.

రెండేళ్లుగా కళ్లకు పొర కమ్మింది. "కుప్పంలో ఆపరేషన్ చేస్తాండారంట, పోదాం రా అత్తా," అని కోడలు రాజేశ్వరి అంటే కసిరేది.

"నా కండ్లకేం రోగం? నువ్వు బియ్యంలో వదిలే రాళ్లన్నీ బాగా కనబడతాండాయి!"

ఈసారి నాలుగో పట్టీ వంతు. అందులో పెద్ద వేపలు రెండు. ఒకటి తొర్రపడి చచ్చిపోతున్నది, ఈసారి కొట్టాల్సింది అదే. రెండోది శంకరప్ప వదిలిన విత్తనం చెట్టు. ఆ పట్టీలోని చిన్న వేపలన్నీ దాని బిడ్డలే. చెంగమ్మ గట్టుమీద నిలబడి చేతికర్ర చాపింది.

"అదిగో, దాన్ని పడగొట్టు."

ఇరవయ్యేళ్లుగా ఆ తోపులో కర్ర కొట్టే మునస్వామి గొడ్డలి దించాడు. "అమ్మా, అది శంకరప్పన్న వదిలిన చెట్టు గదా?"

రెండు చెట్లూ ఆమెకు రెండు నల్లటి మసకలే. దగ్గరికి పోయి తడిమితే తెలిసిపోయేది. కానీ తడిమితే, చెంగమ్మ గుడ్డిదైందని ఊరికీ తెలిసిపోయేది.

"నా చెట్టు నాకు తెలీదా? నిన్న గొడ్డలి పట్టినోడివి, నాకు సెప్తాండావా? కొట్టు!"

మొదటి వేటుకే ఆమెకు అర్థమైంది. తొర్ర చెట్టు డొల్లగా మోగుతుంది. ఇది గట్టిగా పలికింది. ఆపమనడానికి నోరు రాలేదు. ఊరందరినీ అదిలించే ఆ నోరే.

నెల తిరక్కుండా పొయ్యిదగ్గర చెయ్యి కాల్చుకుంది. మారుమాట లేకుండా కుప్పం పోయింది. చూపొచ్చాక ముందు ఎక్కింది గుట్టే. మొద్దు నడిమధ్య దాకా ఎర్రటి చేవ, ఒక్క పురుగు రంధ్రం లేదు.

కర్రలు కట్టుకుంటున్న మునస్వామి దగ్గరికొచ్చాడు.

"అడిగితివి గదప్పా," అంది. "నన్ను తిట్టైనా ఆపకపోతివే."

"నీ నోటికి ఎవరు అడ్డం పడతారమ్మా?"

ఆమె మొద్దు పక్కన కూర్చుంది. తెచ్చుకున్న పేడ కలిపి మొద్దుకు మెత్తసాగింది. అంత ముసలి మొద్దు ఇక చిగురించదని ఇద్దరికీ తెలుసు. మునస్వామి కూడా కూర్చుని అవతలి పక్క మెత్తాడు. తొర్ర వేప పక్కనే నిలబడి ఉంది. చెంగమ్మ కొత్త కంటికి దాని తొర్రలో పాకే చీమలు సైతం ఒక్కొక్కటిగా కనబడుతున్నాయి.