రెండంగుళాల ఊపిరి

1981. అమెరికాలోని జెర్సీ సిటీలో ఒక డ్రై క్లీనింగ్ షాపు వెనకగదిలో నా కుట్టుమిషను ఉండేది. మా ఆవిడ రూతమ్మ నర్సు ఉద్యోగం మీద ముందు వచ్చింది, ఆమె వెనక నేనొచ్చాను. నా పని ఆల్టరేషన్, అంటే కుట్టిన బట్టని విప్పి ఒంటికి సరిపడేలా మళ్ళీ కుట్టడం. అడిగినవాళ్ళకి కొత్తవీ కుట్టేవాణ్ణి. అప్పటికి నాకు చదవడం, రాయడం రాదు. కొలతలకి కాగితం పట్టీ మీద కత్తెరతో గాట్లు పెట్టుకునేవాణ్ణి. అక్షరాలు తర్వాతెప్పుడో రూతమ్మ దగ్గర దిద్దుకున్నాను కాబట్టి ఈ రాతలో సొగసులు వెతక్కండి.

ఆ షాపుకి వచ్చినవాళ్ళలో నా ప్రాణం తోడేసినవాళ్ళు ముగ్గురు గ్రీకు పిల్లలు. నికోస్‌ది గిటారు, వాడి తమ్ముడు పెత్రోస్‌ది డ్రమ్ములు, వాళ్ళ పిన్ని కూతురు ఎలెనీది పాట. గ్రీకు చర్చి హాల్లో పెళ్ళిళ్ళకి పాడుతూ మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి క్లబ్బుల వాళ్ళు పిలవడం, రేడియోలో వాళ్ళ పాట రావడం, నికోస్‌కి నల్లకళ్ళద్దాలు రావడం అన్నీ జరిగిపోయాయి. జనం వచ్చేది ఎలెనీ గొంతు కోసం. ఆ సంగతి నికోస్‌కి తప్ప అందరికీ తెలుసు.

ఒక రికార్డు కంపెనీవాళ్ళు వీళ్ళ పాట వింటామన్నారు. నచ్చితే రికార్డు వేస్తారు. రికార్డు వస్తే ఎలెనీ డైనర్‌లో ప్లేట్లు మోసే పని మానేయొచ్చు. ఆ పిల్ల ఆశంతా అదే. ముగ్గురికీ ఒకే రకం తెల్ల శాటిన్ కోట్లు కావాలని నికోస్ తల్లి సోఫియా గుడ్డ తెచ్చిచ్చింది. దాంతో పాటు నీలం పూస గుచ్చిన పిన్నీసులు మూడు. కోటు లోపల తలా ఒకటి పెట్టాలట, దిష్టి తగలకుండా. దిష్టి గురించి నాకు ఒకరు చెప్పాలా? మా చర్చిలో అలాంటివి లేవంటారు గానీ, మా అమ్మ నా బుగ్గ మీద నల్లచుక్క పెట్టకుండా గడప దాటనిచ్చిందా?

ఎలెనీకి నడుము పైన టేపు చుట్టి, "ఇప్పుడు పాడు," అన్నాను.

"ఇక్కడా?"

"స్టేజీ మీద బొమ్మలా నిలబడవు కదా. పాడు."

పాడింది. ముందుగదిలో ఇస్త్రీ చేసేవాళ్ళు చేతులాపేశారు. ఊపిరి పీల్చినప్పుడల్లా టేపు రెండంగుళాలు సాగింది. ఆ సాగిన చోట గాటు పెట్టాను.

మర్నాడు నికోస్ ఒక్కడే వచ్చాడు. "మిస్టర్ సామ్యూల్, నా భుజాలు కొంచెం ఎత్తుగా కనబడాలి. పెత్రోస్‌కి చెప్పకండి." సరే, షోల్డర్ ప్యాడ్ వేస్తానన్నాను. అంటే భుజం లోపల పెట్టే దూది మెత్త. ఆ వెనకే పెత్రోస్ దిగాడు. "నా కాలరుకి మెరుపు బిళ్ళలు కుట్టండి. అన్నయ్యకి చెప్పకండి."

"నువ్వు డ్రమ్ముల వెనక కూర్చుంటావు. నీ కాలరు ఎవడు చూస్తాడయ్యా?"

"అందుకేగా మెరవాలి!"

ఇంట్లో చెబితే రూతమ్మ తల కొట్టుకుంది. "ఇద్దరికీ సరేనన్నారా? రేపు ఇద్దరూ కలిసి మీ పీక పట్టుకుంటారు, చూస్కోండి."

"చెప్పొద్దన్నారు, చెప్పలేదు. నా తప్పేముందే?"

ఆమె అన్నంతా అయింది. కంపెనీవాళ్ళు పాట వింటామన్నది మన్‌హటన్‌లో ఒక చిన్న హాల్లో, మధ్యాహ్నం పూట. అవసరం పడుతుందని సూదీదారంతో నన్నూ వెంట తీసుకెళ్ళారు. స్టేజీ వెనక గదిలో కోట్లు తొడుక్కుని అన్నదమ్ములు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏంట్రా ఆ కాలరు? నువ్వేమన్నా పెళ్ళికూతురివా?"

"నీ భుజాలో? తలుపులో పడతావా అసలు?"

ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చున్నాను. ఇంతలో నికోస్ కళ్ళు ఎలెనీ మీద పడ్డాయి.

"ఇదేంటి, గోనెసంచిలా ఉంది! నడుము దగ్గర లోపలికి పట్టండి."

"పట్టను. అది ఊపిరి తీసుకునే చోటు. బిగిస్తే పాట రాదు."

"పాట సంగతి నాకొదిలెయ్యండి. మీరు కుట్టు సంగతి చూడండి."

"నేను చెప్పేది కుట్టు సంగతే," అని సూది డబ్బాలో పెట్టేశాను.

వాడు ఊరుకుంటేనా! మూడు కోట్లలోంచీ తల్లి పెట్టించిన పూస పిన్నీసులు లాగి, ఎలెనీ కోటుని వెనకవైపు మడిచి మూడూ బిగించాడు.

"నికో, ఊపిరాడట్లేదు."

"రెండు పాటలే. ఓర్చుకో."

మొదటి పాట ఎలాగో గట్టెక్కింది. రెండోది పైకి వెళ్ళే చోట గొంతు టక్కున తెగింది. ఎలెనీ కోటు విప్పి మైకు స్టాండుకి తగిలించి, లోపలున్న మామూలు చొక్కాతోనే ఆ పాట మొదట్నుంచీ పాడింది. అలాంటి పాట నేను మళ్ళీ వినలేదు.

కంపెనీ మనిషి లేచొచ్చి, అమ్మాయి ఒక్కతే కావాలన్నాడు. "ముగ్గురం కలిసే," అంది ఎలెనీ. నికోస్ అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు.

"మా కోటు లేకుండానే బాగా పాడావుగా. మేం లేకుండానే పాడుకో!"

జన్మలో మొదటిసారి పెత్రోస్ అన్నయ్య మాటకి తలూపాడు, అదీ ఆ మాటకి. బ్యాండు ఆ గదిలోనే ముక్కలైంది. ఎలెనీ కొన్నాళ్ళు ఏడ్చి, తర్వాత ఒంటరిగా సంతకం పెట్టింది. ప్లేట్లు మోసే పని తప్పింది. అన్నదమ్ములు మాత్రం ఆమెతో మాట మానేశారు.

కొన్ని వారాలకి సోఫియా మూడు కోట్లూ, వంగిపోయిన పిన్నీసులూ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "పిన్నులు తీసేశారు, దిష్టి తగిలింది. మళ్ళీ పెట్టండి. పిల్లలు కలుస్తారు."

"తీసింది మీ పెద్దబ్బాయేనమ్మా. తగిలింది దిష్టి కాదు, రెండంగుళాలు."

"మీకు తెలీదు," అంది. పిన్నీసులు సాపు చేసి ఎక్కడివక్కడ పెట్టాను. ఆ కోట్ల కోసం ఎవరూ రాలేదు.

కొలత అంటే మనిషి ఊరికే నిలబడ్డప్పటిది కాదు, పని చేసేటప్పటిది. అది నాకు ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన అది ఒంటి మీద నిలవదని ఆ రోజు తెలిసింది. కోటు నా చెయ్యి దాటాక ఎవడో ఒకడు బిగించడానికి వస్తాడు. అందుకే అప్పట్నుంచి బట్ట తొడుక్కునేవాళ్ళకే కొలత నేర్పేవాణ్ణి. బస్సు డ్రైవరైతే చేతులు చాపించి, వంటవాడైతే ముందుకి వంగమని, టేపు వాళ్ళ చేతికే ఇచ్చి, "ఇది నీది, ఎవరు తగ్గించమన్నా ఒప్పుకోకు," అనేవాణ్ణి. విసుక్కునేవాళ్ళు విసుక్కున్నారు.

1984లో ఎలెనీ తన పెళ్ళి గౌను కుట్టించుకోవడానికి వచ్చింది. వెంట కాబోయే అత్తగారు. "నడుము సన్నగా రావాలి," అంటూ ఆవిడ అప్పుడే మొదలెట్టింది. నేను టేపు తీశాను. నోరు విప్పేలోపే ఎలెనీ గుండెల నిండా గాలి పీల్చుకుని నిటారుగా నిలబడింది. ఆ ఊపిరి వదలకుండానే, అత్తగారిని ఆగమని ఒక చెయ్యి చూపించి, రెండో చేత్తో నాకు కొలవమని సైగ చేసింది.