ఆవు మీదున్న జాలి

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని ఆరు నెలల దాకా నాకు తెలియదు. నెత్తురు ఆగడం లేదని పుంగనూరులో ఒక నర్సింగ్ హోముకు పోతే, ముప్పై నాలుగేళ్లకే "పిల్లలుండారు కదా, ఇంకెందుకు" అని కోసేశారు. సంతకం మా ఆయనది. నన్నెవరూ అడగలేదు. చివరికి ఆసుపత్రి కాగితాలు చదివి మా ఊరి ఆశా కార్యకర్త చెప్పింది.

ఆపరేషన్ తర్వాత ఒళ్లంతా ఆవిర్లు. మొగుడు చెయ్యేస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంతకు ముందు అట్లా కాదు. చెప్పడానికి సిగ్గెందుకు, నాకూ కావాలనిపించేది. అది ఎటు పోయిందో నాకే అంతుపట్టలేదు. ఆయన మాత్రం ఇట్టే తేల్చేశాడు. "ఎవడుండాడే నీకు?" అన్నాడు. అత్త కుప్పంలోని మా అమ్మకు ఫోన్ చేసి, "మావానితో కాపరం జేసే మనసు దానికి లేదు, వచ్చి పిల్సకపోమ్మా" అనింది.

మాది పాడి మీద బతికే ఇల్లు. అరుపు మారితే చాలు, ఆవు ఎదకొచ్చిందని మా అత్త పసిగడుతుంది. ఆ వేసవిలో మా జెర్సీ ఆవు ఈని నెలలు గడిచినా ఎదకు రాలేదు. పశువుల డాక్టరు వచ్చి చూసి, అండాశయం పని చేయడం లేదన్నాడు. మా ఆయన దాని వీపు నిమురుతూ, "పాపం, దాని తప్పేముండాది సార్? ఒంట్లో లేంది యాడనుంచి వస్తాది?" అన్నాడు.

చేతిలోని పేడతట్ట కింద పడేశాను.

"నా ఒంట్లోది కోసి పారేయమని సంతకం పెట్టింది నువ్వే కదా! దానికైతే పాపమా, నాకైతే ఎవడుండాడా?" అని వీధంతా వినబడేలా అరిచాను. డాక్టరు తల వంచుకున్నాడు.

మరుసటి రోజు ఆయన్ను లాక్కుని మదనపల్లెలో లేడీ డాక్టరు దగ్గరికి పోయాను. ఆమె బొమ్మ గీసి చెప్పింది. అండాశయాల నుంచి వచ్చే హార్మోన్లు మెదడుకు చేరి, కోరిక పుట్టించే చోట్లను కదిలిస్తాయట. అవి ఉన్నట్టుండి తగ్గిపోతే కోరిక మందగించవచ్చట. రోజూ అనుమానాలు, తిట్లు భరించే మనిషికి, హార్మోన్లు ఉన్నా మెదడు మొరాయిస్తుందట.

అంతా విని మా ఆయన, "సరే మేడం, దీన్ని మునుపటి మాదిరి జేసే మందు రాయండి" అన్నాడు.

ఆమె పెన్ను పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నీకేం కావాలమ్మా?"

"నా కోరిక నాకు కావాల మేడం," అన్నాను. "ఈయప్పతో కాపరం జేసేదీ లేనిదీ తర్వాత మాట."