అప్నియా అంటే ఏంది?

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లప్పుడనుకుంటాను, మా తమ్ముడు ఏడో నెలలోనే పుట్టేశాడు. గుప్పెడంత పిల్లాడు. గోదావరిఖని దవాఖానలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టి ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టారు. ఆపరేషనై అమ్మ పైవార్డులో ఉంది. కింద నేనూ, మా బాపూ, అవ్వా.

డాక్టరుగారు రోజూ వచ్చి ఇంగ్లిషులో నాలుగు మాటలు చెప్పి వెళ్లేవారు. మా బాపు బుద్ధిమంతుడిలా తలూపేవాడు. బొగ్గుబాయిలో ఇరవయ్యేళ్లు దేనికీ బెదరని మనిషికి ఆ తెల్లకోటు ముందు నోరు పెగిలేది కాదు. నాలుగో రోజు ఆక్సిజన్ అనీ, అప్నియా అనీ ఏదో అన్నారు. బాపు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. నేరుగా వెళ్లి, పిల్లాణ్ణి మా ఇష్టంతోనే ఇంటికి తీసుకుపోతున్నామని రాసిచ్చే కాగితం అడిగాడు. పోయేవాడు ఎట్లాగూ పోతాడు, మన ఒళ్లోనే పోనీ అని మా అవ్వ ఒకటే ఏడుపు.

పక్కింటి అక్క ఆ వార్డులోనే నర్సు. కాగితం ఆమే తెచ్చి ఇచ్చింది. వద్దని ఒక్క మాటైనా అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

“సంతకం చెయ్యి అన్న. గాని ముందుగాల నీ బిడ్డకు సమజ్ చెయ్యి, తమ్మున్ని ఎందుకు తీస్కపోతున్నవో” అంది అక్క.

బాపు నా వైపు తిరిగాడు.

“ఆక్సిజన్ పెట్టిన్రు బిడ్డా. బాయిల రెస్క్యూవోళ్లు ఆక్సిజన్ ఏస్కొని దిగిన్రంటే, లోపట మనిషి దక్కనట్టే.”

అదీ ఆయన భయం! అక్క నవ్వలేదు.

“గది బాయి ముచ్చట అన్న. ఈడ పానం పోకుంట పెడ్తరు. వీని ఊపిరితిత్తులు ఇంక పచ్చివి, జర సాయం కావాలె.”

“మరి అప్నియా అంటే ఏంది?” అని నేనే అడిగాను.

“నెలలు నిండలే గద, నడుమ నడుమ ఊపిరి తీస్కునుడు మర్శిపోతడు. మనం యాది చెయ్యాలె.”

చెబుతుండగానే తమ్ముడి పొట్ట కదలడం ఆగింది. అవ్వ కేకపెట్టింది. అక్క పెట్టెలోకి చెయ్యి పోనిచ్చి వాడి అరికాలిని వేలితో తట్టింది. పొట్ట మళ్లీ లేచింది. నెలలు నిండేకొద్దీ ఇది తగ్గుతుందని చెప్పింది.

మా బాపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అక్క చేతిలో పెట్టేశాడు. డాక్టరుగారి గదికి వెళ్లి, “సార్, మల్లొక్కపారి చెప్పుండ్రి, నాకు సమజ్ కాలే” అన్నాడు. గుమ్మంలో నిలబడి నేనూ విన్నాను.

తమ్ముడు ఇప్పుడు గోలేటి బొగ్గుబాయిలో డ్యూటీ చేస్తున్నాడు, నాకంటే జానెడు పొడుగు. నేను మాత్రం ఏ దవాఖానకు వెళ్లినా, తెలియని మాట వినబడితే తెలిసేదాకా వదలను. విసుక్కుంటారు. విసుక్కోనీ! ఆ రోజు అడక్కపోతే, బతికే పిల్లాణ్ణి మేమే ఇంటికి మోసుకుపోయి చంపుకునేవాళ్లం.