ఉతికిన తెల్లచీర

చాంపియన్ రీఫ్స్ బంగారు గని పనివాళ్ళ లైను ఇళ్ళలో మా చర్చి సంఘం పెళ్ళికూతుళ్ళందరికీ ఒకటే ముసుగు ఉండేది. తెల్లని నెట్ గుడ్డ, అంచున చిన్న పూలు. దొరల కాలంలో ఎవరో దొరసాని ఇచ్చి పోయిందని చెప్పుకునేవారు. మా అమ్మ తరం దాని కింద పొడుగు చేతుల తెల్ల జాకెట్టు వేసుకుని, నూలు చీర కట్టుకుంది. గనులు సర్కారు చేతికి వచ్చాక జరిగిన నా పెళ్ళి నాటికి చేతులు పొట్టివై, భుజాల దగ్గర ఉబ్బాయి. చీర నైలాన్ అయింది. ముసుగు మాత్రం అదే.

పెళ్ళయిన రెండేళ్ళకు గనిలో బండ విరిగిపడి నా భర్త పోయాడు. సమాధుల తోట నుంచి వచ్చిన రోజే సంఘ పెద్ద మా వాకిట్లో నిలబడి, "ఇంగ నీకు తెలుపేనమ్మా" అన్నాడు. బైరకూరులో రాగి పండించుకునే మా అత్తమ్మ ఏడుస్తూ రెండు తెల్ల నూలు చీరలు తెచ్చింది. మూడేళ్ళు అవే కట్టాను.

తరువాత ఒకాయన నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగించాడు. పనివాళ్ళను గనిలోకి దించే ఇంజను నడిపేవాడు. భార్య కాన్పులో పోయింది. అత్తమ్మను అడిగాను.

"నా కొడుకు తిరిగి రాడు. నువ్వన్నా బతుకు" అంది.

ముసుగు సంఘ పెద్ద దగ్గరే ఉండేది. అడగడానికి వెళ్తే తల అడ్డంగా ఊపాడు.

"రెండో పెళ్ళికి ముసుగు ఇచ్చేది లేదమ్మా. తెలుపు కట్టేది కూడా లేదు. అది కన్యలకి. రంగుచీర కట్టుకోని రా."

"ఆయనకీ రెండోదే కదయ్యా. మొదటి పెళ్ళి కోటే వేసుకోని వస్తాడంట."

"మొగోళ్ళ మాట వేరే."

"యాడ రాసుండాదయ్యా ఆ మాట?"

నేను ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం నేర్పిన మనిషిని. బైబిల్లో దేవుని సింహాసనం ముందు నిలబడే వాళ్ళ తెల్లని వస్త్రాలు కొత్తవి కావు, ఉతుక్కున్నవి. మహా శ్రమ దాటి వచ్చినవాళ్ళవి. మీకు ఇది ఎన్నో పెళ్ళి అని అక్కడ వాళ్ళను ఎవరూ అడగరు.

ఇంటికి వచ్చి ఆ నూలు చీరల్లో ఒకటి తీసి ఉడకబెట్టాను. నీలిమందులో ముంచాను, గంజి పెట్టాను. అత్తమ్మ చూసి నవ్వింది.

"ఆ పెద్దాయన కట్టమన్న తెలుపు ఆయప్పకే చూపిస్తావా?"

"చూపిస్తాను అత్తమ్మా."

పెళ్ళిరోజు చర్చిలో నా తల మీద ముసుగు లేదు, కొంగే. జడలో అత్తమ్మ పెట్టిన కనకాంబరాలు. సంఘ పెద్ద నన్ను చూసి ప్రార్థన పుస్తకం మూసేశాడు.

"ఏమమ్మా, తెలుపు వద్దంటిని కదా?"

"ఇది పెళ్ళిచీర కాదయ్యా. మూడేండ్లు మీరు కట్టుకోమన్న చీరే. ఉతికి తెచ్చినాను."

వెనక బెంచీల్లో ఎవరో దగ్గారు. పెళ్ళికొడుకు తన పాత కోటు గుండీ సర్దుకుని, "నాదీ ఉతికిందే అయ్యా" అన్నాడు.

సంఘ పెద్ద మళ్ళీ పుస్తకం తెరిచాడు.

మరునాడు అత్తమ్మ తెచ్చిన ఎర్రచీర కట్టుకుని, తెల్లదాన్ని మళ్ళీ ఉతికి, సంఘ పెద్ద చర్చికి పోయే దారి వైపు తీగ మీద ఆరేశాను. మధ్యాహ్నానికే ఆరింది. సాయంత్రం దాకా తియ్యలేదు.